ఊదరగొట్టే నోరు

ఊదర అంటే పొగ. వరిచేల గట్ల మీద ఎలక బొరియ కనిపిస్తే కుండలో గడ్డి కుక్కి, నిప్పు పెట్టి, ఆ పొగను బొరియలోకి ఊదేవారట. లోపలున్న ఎలక ఊపిరాడక బయటికి రావాల్సిందే. మా నాన్నగారి చిన్నతనంలో పిల్లలకు అదొక వేడుక. నేను ఆ పొగ చూడలేదు. నాకు తెలిసిందల్లా ఊదరగొట్టడం. ర్యాంకులన్నీ మావేనని కాలేజీలవాళ్ళు టీవీలో ఊదరగొడతారు. ఎలక్షన్లొస్తే ఆటోకి మైకు కట్టుకుని వీధివీధీ ఊదరగొడతారు. కొత్త అల్లుడి గురించి మామగారు కనపడ్డవాడికల్లా ఊదరగొడతారు. ఉత్సాహంగా మాట్లాడటంలో తప్పేమీ లేదు గానీ, వినేవాడికి ఊపిరాడనివ్వకపోతే ఈ మాట పడుతుంది. ఇది తిట్టు కాదు, అలాగని మెచ్చుకోలూ కాదు. నవ్వుతూ అంటారు, ఆ నవ్వులో కాస్త విసుగు కలుపుతారు.

ఈ మాట అసలు రుచి నాకు తెలిసింది పెళ్ళయ్యాక, మా వదిన వల్ల. వదిన అంటే మా ఆయన అక్కగారు. ఎదురుగా ఉంటే 'మీరు' అనే పిలుస్తాను గానీ, తలుచుకునేటప్పుడు మాత్రం 'వచ్చింది, అంది' అనే వస్తుంది. ప్రేమ ఉన్నచోట గౌరవవాచకాలు కాస్త జారుతుంటాయి.

మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం. మా ఇంట్లో మాట పొదుపు, మెచ్చుకోలు మరీ పొదుపు. మా అమ్మ పొద్దుటి నుంచీ కూర్చుని పనసపొట్టు కూర చేస్తే నాన్నగారు ఇచ్చే పెద్ద బిరుదు "పరవాలేదు". నాకు లెక్కల్లో నూటికి నూరొచ్చినప్పుడు కూడా, "పరవాలేదు, ఇంటర్లో ఇంకా కష్టపడాలి" అన్నారు. అలా పెరిగి నేనూ లెక్కల టీచర్నే అయ్యాను. ఇప్పటికీ పిల్లల పేపరు మీద 'గుడ్' అని రాయాలంటే నా చెయ్యి ఒకసారి వెనకాడుతుంది. అలాంటిదాన్ని ఏలూరులో కోడలిగా అడుగుపెట్టాను. కొత్తలో ఒకరోజు దోసకాయ పప్పు చేశాను. మామూలు పప్పే. ఆ రోజు మా వదిన వచ్చి ఉంది.

"అమ్మాయ్! ఇదేం పప్పు అమ్మాయ్! ముక్క ఉడికిందా అంటే ఉడికింది, నలిగిందా అంటే నలగలేదు. పోపులో వెల్లుల్లి చూడు, ఎర్రగా వేగి ఎలా కూర్చుందో! ఇలాంటి పప్పు తిని ఎన్నాళ్ళయిందనుకున్నావ్! అమ్మా, నువ్వు ఇన్నేళ్ళు వండింది ఏమిటే మరి?"

నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మావైపు ఎవరైనా నోరారా పొగిడితే, ఇందులో వెటకారం ఎక్కడుందా అని ముందు వెతుక్కుంటాం. ఎంత వెతికినా దొరకలేదు. మా అత్తయ్యగారు మజ్జిగ వడ్డిస్తూ, "నువ్వేం అనుకోకమ్మా. మా పెద్దది మొదలెట్టిందంటే ఊదరగొట్టేస్తుంది. రేపు నువ్వు కాచిన మంచినీళ్ళు కూడా బాగున్నాయంటుంది" అన్నారు.

నిజంగానే అంది కూడా.

వదిన అత్తారిల్లు కొల్లేరు అంచున ఒక ఊళ్ళో. నెలకో రెండు నెలలకో బస్సెక్కి ఏలూరు వచ్చేది. గుమ్మంలో చెప్పులు విడవకముందే మొదలయ్యేది. "ఈవాళ బస్సు డ్రైవరెవరో గానీ అమ్మాయ్, చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఆ గతుకుల్లో తెచ్చాడా, నా ఒళ్ళో గిన్నెలో పులుసు తొణికితే ఒట్టు!" ఆ గిన్నెలో కొరమేను పులుసు ఉండేది. దాని గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పేది కాదు. తన వంట, తన చీర, తన పిల్లల మార్కులు ఎప్పుడూ ఆవిడ నోట రాగా వినలేదు. ఊదరంతా పక్కవాళ్ళ కోసమే. చలికాలం కొల్లేట్లో దిగే గూడబాతుల గురించీ అంతే, పడని తోడికోడలు వేసిన ముగ్గు గురించీ అంతే. "నాతో మాట్లాడదు గానీ, ఆ చెయ్యి చెయ్యి కాదమ్మా!" అనేది.

కొన్నాళ్ళకు నేను ఒకటి గమనించాను. ఆవిడ అబద్ధం ఆడేది కాదు. చూసిందే చెప్పేది. కాకపోతే మనం చూడనంతగా చూసేది. ఆవిడ అన్నాక నేను నా పప్పులోని వెల్లుల్లిని చూశాను. నిజమే, ఎర్రగా బాగానే వేగింది. బతుకులో మొదటిసారి నా వంట నాకు నచ్చింది. ఆ రోజు నుంచీ ఆవిడ బస్సు దిగే రోజు కోసం ఎదురుచూసేదాన్ని. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ నోటికి చెడ్డపేరు వచ్చింది ఒక చేపల చెరువు వల్ల. ఆ చెరువు వాళ్ళ బావగారిది, అంటే ఆవిడ భర్తకు అన్నగారిది. మబ్బులు పట్టిన రోజులు. పొద్దున్న మేత బస్తాలు కట్టిన కర్రల దగ్గర చేపలు ఒకదాని మీద ఒకటి ఎగబడుతుంటే మా వదిన గట్టు మీద నిలబడి చూసింది. చూసి ఊరుకునే మనిషైతే కథే లేదు. "బావగారూ, ఇవి చేపలాండీ! ఒక్కోటీ చంటిపిల్లంత ఉంది. ఆ వీపులు చూడండి, నూనె రాసి తోమినట్టు లేవూ! ఈ చుట్టుపక్కల ఇలాంటి చెరువు లేదండీ!" అని, మేత అయిపోయేదాకా అక్కడే నిలబడి ఊదరగొట్టింది.

ఆ రాత్రంతా ఒకటే ఉక్క. ఆకు కదల్లేదు. తెల్లవారేసరికి చేపలన్నీ పైకొచ్చి, నోళ్ళు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాయి. ఇంజన్లు పెట్టి నీళ్ళు చిమ్మించారు. అయినా ఎండెక్కేసరికి చెరువు మీద చేపలు తెల్లగా తేలిపోయాయి.

మబ్బు పట్టి గాలి ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందని ఆ ఊళ్ళో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆ బావగారికి తెలియదా? పరామర్శకు వెళ్ళిన మాకు ఆయనే చెప్పారు. "ఆక్సిజన్ పడిపోయిందండి" అన్నారు. అదే నోటితో, "ముందురోజే మా మరదలొచ్చి గట్టు మీద ఊదరగొట్టి వెళ్ళిందండి" అన్నారు. ఆ రెండు మాటలకూ మధ్య ఆయనకు ఏ పేచీ కనపడలేదు. నాకు ఒళ్ళు మండింది. "మబ్బుల్ని కూడా మా వదినే పిలుచుకొచ్చిందాండీ?" అన్నాను. మా ఆయన పక్క నుంచి మోచెయ్యి గిల్లారు.

నరదిష్టికి నల్లరాయైనా పగులుతుందంటారు కదా. ఇక ఆ తర్వాత పగిలినవీ, ఎండినవీ, విరిగినవీ అన్నీ ఆవిడ ఖాతాలోకే వెళ్ళాయి. ఆవిడ వీధిలో వస్తుంటే పసిపిల్లల తల్లులు బిడ్డ మీద పైట కప్పేసేవారు. ఆవకాయ కలుపుతున్నవాళ్ళు జాడీ మీద మూత పెట్టేవారు. పక్కింటివాళ్ళు పొట్లపాదుకు పాత చెప్పు వేలాడదీశారు. ఆవిడకు ఇదంతా అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. మంచివాళ్ళకు ఇలాంటివి ఆలస్యంగా తెలుస్తాయి. తెలిశాక మాత్రం, దీపం వత్తి తగ్గించినట్టు గొంతు తగ్గించుకుంది. "ఎంత బా..." అని మొదలెట్టి, గబుక్కున ఆగి, మెటికలు విరుచుకునేది. ఆ సగంలో తెగిన మాటల్ని నేను మనసులోనే పూర్తిచేసుకునేదాన్ని.

నేను మొదటిసారి నెల తప్పినప్పుడు మా అత్తయ్యగారు ముందు అన్న మాట, "మన పెద్దదానికి అప్పుడే చెప్పకండి" అని. కూతురంటే ఆవిడకు ప్రాణం. "దాని మనసు వెన్నమ్మా. ఆ నోరే..." అనేవారు. భయం కూడా ప్రేమలాంటిదే, లెక్క వినదు. నేను కోప్పడ్డాను, అలిగాను. చివరికి వదినే ఎవరి ద్వారానో విని, తనంతట తనే రావడం మానేసింది. ఫోన్లో మాత్రం, "ఒంట్లో బాగుందా అమ్మాయ్?" అని ఒక్క ముక్క అడిగి పెట్టేసేది. నాకు ఎదురు చెప్పే వీలు కూడా ఇచ్చేది కాదు.

ఎనిమిదో నెలలో నాకు బీపీ ఎక్కువైంది. ఏలూరు ఆసుపత్రిలో హడావిడిగా ఆపరేషన్ చేశారు. నేను కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. ఆడపిల్ల అన్నారు, పుట్టేసరికే ప్రాణం లేదన్నారు. మగవాళ్ళు అప్పటికే తీసుకెళ్ళిపోయారు. "చూస్తే మర్చిపోలేవమ్మా, అందుకే చూపించలేదు" అన్నారు. చూడనిదాన్ని మర్చిపోవడం ఎలాగో ఎవరూ చెప్పలేదు. ఎలా ఉంది అని అడిగితే మాట తప్పించేవారు. మా ఆయన్ని అడిగితే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగేవి, ఇక అడగలేకపోయేదాన్ని. తెల్లగా ఉందా, చామనచాయా? జుట్టుందా? ఎవరి ముక్కు? ఒక మొహం లేని పిల్లను మోసుకుంటూ బడికి వెళ్ళాను, బోర్డు మీద లెక్కలు చేశాను, ఇంటికొచ్చి వండాను. ఇన్నేళ్ళలో నాకు కావలసింది అదొక్కటే, నా కూతురు ఎలా ఉండేదో ఎవరైనా చెప్పడం.

తర్వాత కొన్నేళ్ళకు బాబు పుట్టాడు. ఈసారి తాడేపల్లిగూడెంలో, మా పుట్టింట్లో, క్షేమంగా. బారసాలకు ముహూర్తం పెట్టారు. మా అత్తవారి ఇంటి ఆనవాయితీ ప్రకారం బిడ్డకు మొలతాడు కట్టి మొదట ఉయ్యాల్లో వేయాల్సింది మేనత్తే. అదిగో, అక్కడ వచ్చింది చిక్కు.

"వరసకి మేనత్త అయ్యేవాళ్ళు చాలామంది ఉన్నారు కదమ్మా, ఎవరో ఒకరు వేస్తారు" అన్నారు అత్తయ్యగారు ఫోన్లో.

"సొంత మేనత్త ఉండగా అరువు మేనత్త ఎందుకండీ అత్తయ్యగారూ?" అన్నాను.

"ఒకసారి దెబ్బతిన్నాం కదమ్మా. నాకు ధైర్యం చాలట్లేదు."

అప్పుడు మా ఆయన, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఫోను తీసుకుని, "అక్క రాకపోతే నేను పీటల మీద కూర్చోనమ్మా" అన్నారు. "సరే రానీ" అన్నారు అత్తయ్యగారు. "కానీ నోరు విప్పకూడదు. నేనే చెబుతాను దానికి."

అత్తయ్యగారు చెప్పినట్టే ఉన్నారు. ఆ రోజు వదిన ఆకుపచ్చ అంచు చీర కట్టుకుని, తలొంచుకుని వచ్చింది. బస్సు గురించి ఏమీ అనలేదు, మా అమ్మ పెట్టిన కాఫీ గురించి ఏమీ అనలేదు. బాబును చేతికిస్తే వాడి కాళ్ళు మాత్రమే చూసింది. మొలతాడు కడుతున్నంతసేపూ చూపు నడుము దాటి పైకి రాలేదు. పెదాలు గట్టిగా బిగించుకుంది. ఉయ్యాల్లో పడుకోబెట్టి చెయ్యి తీసేస్తూ, పేరంటాళ్ళంతా తన నోటి వంకే చూస్తున్నారని తెలిసి, "బానే ఉన్నాడు" అంది. అంతే. అత్తయ్యగారు ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నా పప్పులో వెల్లుల్లి రెబ్బకు దొరికిన మాట నా కొడుక్కి దొరకలేదు.

భోజనాలయ్యాయి. చుట్టాలు బండ్లెక్కి వెళ్ళిపోయారు. వదిన పెరటివైపు గదిలో, ఉయ్యాలకు దూరంగా కూర్చుని, ఆరిన పొత్తిగుడ్డలు మడతపెడుతోంది. నేను బాబును తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టేశాను.

"వద్దు అమ్మాయ్. అమ్మ చూస్తే కంగారు పడుతుంది."

"పడనివ్వండి. వీడెలా ఉన్నాడో చెప్పండి వదినా."

"చెప్పాను కదమ్మా. బానే ఉన్నాడు."

"అలాంటి మాటలు మా పుట్టింట్లో బస్తాలకొద్దీ ఉన్నాయి. నాకు మీ మాట కావాలి."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నా నోరు మంచిది కాదమ్మా" అంది. గొంతులో కోపం లేదు. లోకమంతా ఒప్పుకున్న సంగతిని తనూ ఒప్పుకున్నట్టు అంది. ఆ మాటకే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎన్నేళ్ళుగానో కడుపులో ఉన్నది బయటికొచ్చేసింది.

"మరి నా కూతురికి దిష్టి ఎవరు పెట్టారు వదినా? మిమ్మల్ని గుమ్మం తొక్కనివ్వలేదు. దాన్ని ఎవరూ చూడలేదు, బాగుందని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అయినా పోయింది కదా! పొగిడితే పోతారనుకుంటే, పొగడనిది బతకాలి కదా!"

వదిన నా వంక చూసింది. మడతపెడుతున్న గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

"దాన్ని ఎవరూ చూడలేదని ఎవరన్నారు నీకు?" అంది నెమ్మదిగా.

నేను ఆవిడ పక్కనే చతికిలబడ్డాను.

"ఆ రోజు కబురు తెలిసి ఉండలేక వచ్చేశాను. లోపలికి రాకుండా వరండాలో నిలబడ్డాను. అమ్మ నీ మంచం దగ్గర ఉంది, తమ్ముడేమో డాక్టరు గారి గదిలో ఉన్నాడు. నర్సమ్మ బయటికొచ్చి, బిడ్డ తాలూకు వాళ్ళెవరండీ అంది. నేనే అన్నాను. నా చేతుల్లో పెట్టింది. మగవాళ్ళు వచ్చేదాకా నేనే ఎత్తుకున్నాను."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు వదినా?"

"ఎలా చెప్పను? మొదలెడితే నాకు ఆపడం రాదు కదమ్మా. పోయిన పిల్ల గురించి కూడా ఊదరగొడుతోంది అంటారు."

బాబును నా ఒళ్ళోకి తీసుకున్నాను. "ఊదరగొట్టండి" అన్నాను.

ఆవిడ చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"జుట్టు అమ్మాయ్! ఏం జుట్టనుకున్నావ్! తలంతా ఒత్తుగా, నల్లగా, చెవుల మీదకి పడుతోంది. ఎనిమిదో నెల పిల్లకి ఇంత జుట్టా అని ఆ నర్సమ్మే అంది. వేళ్ళు చూడాలి నువ్వు! ఇంతింత పొడుగు. చిటికెనవేలుకి కూడా గోరుంది, నూకగింజంత, నిగనిగలాడుతూ. చెవులు ఎంత పల్చగా ఉన్నాయనుకున్నావ్, వెలుతురు కనపడుతోంది వాటిలోంచి. పై పెదవి అచ్చం నీదే, మధ్యలో ఇలా ఎత్తుగా, అలిగినట్టు పెట్టుకుంది. నేను చుట్టిన తువ్వాల్లోంచి ఒక కాలు బయటికి జారిపోయేది. లోపల పెడితే మళ్ళీ జారేది. ఇంత కాలు దానికి! బతికుంటే ఇల్లు పీకి పందిరేసేదమ్మా, నిన్ను ఒక్క చోట కూర్చోనిచ్చేది కాదు. అందగత్తె! నేను ఇంతమంది పిల్లల్ని చూశాను, అలాంటి పిల్లని చూళ్ళేదు!"

గొంతు హెచ్చింది. ఎన్నేళ్ళ తర్వాతో అది మా వదిన గొంతు. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను. నా కూతురికి జుట్టు వచ్చింది, వేళ్ళు వచ్చాయి, అలక వచ్చింది. ఆవిడ చెబుతున్నకొద్దీ అది నా ఎదుట పుడుతోంది.

తలెత్తి చూస్తే తలుపు దగ్గర అత్తయ్యగారు. ఎప్పటి నుంచి నిలబడ్డారో తెలియదు. వదిన ఠక్కున ఆగిపోయింది. ఇక తిట్లే అనుకున్నాను. ఆవిడ గోడ పట్టుకుని వచ్చి కూతురి పక్కన కూర్చున్నారు.

"నుదురెలా ఉందే?" అన్నారు.

"నీదే అమ్మా" అంది వదిన. "ఇంత వెడల్పు. బొట్టు పెడితే నిండుగా ఉంటుంది, నీకున్నట్టే."

అత్తయ్యగారి చెయ్యి తన నుదుటి మీదకు వెళ్ళి అక్కడే ఆగింది. "ఇంకా చెప్పవే" అన్నారు. వదిన చెప్పింది. చెప్పినవే మళ్ళీ చెప్పింది. ఎవరూ ఆపలేదు.

పొద్దు వాలుతుంటే అత్తయ్యగారు లేచి వంటింట్లోంచి గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చారు. నా ఒళ్ళో నిద్రపోతున్న బాబు చుట్టూ తిప్పారు. తిప్పి, వెళ్ళబోయి ఆగారు. వదిన చేతులు ఇంకా పిల్లను పట్టుకున్నట్టే ఒళ్ళో ఒంపు తిరిగి ఉన్నాయి. అత్తయ్యగారు వంగి ఆ చేతుల చుట్టూ కూడా తిప్పారు, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, మీ అత్త దిష్టి" అని గొణుక్కుంటూ. తీసుకెళ్ళి పెరట్లో నీళ్ళపొయ్యి నిప్పుల మీద వేశారు. ఉప్పు పటపటమని పేలింది.

"చూశారా" అన్నారు మా వైపు తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత దిష్టి తగిలిందో నా మనవరాలికి."